అవ్ అన్నాడు

జూలై 18, శుక్రవారం

ఆరో హెల్త్ సెంటర్‌లో కూడా అప్‌డేట్ అయిపోయింది, వాగవతలది. ఇక సెంటర్లు నడిపే ట్రస్టు వాళ్లు నా ప్రాణం తీయరు.

పూర్తిగా అయిపోయిందనడానికి ఇంకా ఒక మెట్టు ఉంది. డాక్టర్‌ని తెర మీదికి తెచ్చే నెట్‌వర్క్ స్విచ్ తిరిగి లేవాలి. ఆ ముసలి డబ్బాలో పాత సాఫ్ట్‌వేర్ చెరిపితేగానీ కొత్తదానికి చోటు చాలదు. కనుక ఇక్కడ ఖమ్మం నుంచి గోపాలుకి ఫోన్‌లో చెప్పి చెరిపించాను, కొత్తది పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించమన్నాను, ఫైలు గుర్తు సరిచూసుకున్నాం, బూట్ చేయమన్నాను. గోపాలు అవ్ అన్నాడు. తర్వాత ఫోన్ కలవలేదు. అడవి అంచున ఇది మామూలే. తెల్లారేసరికి లేస్తుంది.

గోపాలు మంచివాడే. ఎంత బురదైనా బండి తోసుకుంటూ పోతాడు, ఇంకో ఫీల్డ్ టెక్నీషియన్ అయితే వాన పేరు చెప్పి ఇంట్లో పడుకునేవాడు. కానీ పని నత్తనడక. పొద్దున పంపితే మధ్యాహ్నం ఫోన్ చేసి "కాపీ అయితాంది మేడం" అన్నాడు. సాయంత్రం మళ్లీ "అయితాంది మేడం". నాకు ఒళ్లు మండింది. "ఈ జన్మలో అవుతుందా?" అన్నాను. నవ్వాడు పాపం. నేను నవ్వలేదు. శనివారంలోపు ఆరూ కావాలని మా ఓనరు చైతన్య సార్ నా నెత్తిన కూర్చున్నాడు, నేను ఎవరి నెత్తిన కూర్చోవాలి మరి?

జూలై 19, శనివారం

లేవలేదు.

జూలై 20, ఆదివారం

నిన్న గోపాలు వెళ్లాడు గానీ వాగు పొంగి ఇవతలే ఆగిపోయాడు. ఇవాళ దాటాడు. డబ్బాకి కరెంటు అందుతోందట, లైటు వెలుగుతోందట, అంతకుమించి ఏమీ లేదట. ఎక్కించిన ఫైలు చెడిపోయి ఉంటుంది. పాతది చెరిపేశాం కనుక వెనక్కి పోవడానికి లేదు. ఖమ్మం నుంచి వేరే డబ్బా పంపాలి. రేపు పంపిస్తాను.

చైతన్య సార్ ఆదివారమని కూడా చూడకుండా ఫోన్ చేశాడు.

"గుర్తు చూశారా లిఖితా?"

"చూశాం సార్. గోపాలు అవ్ అన్నాడు."

"మచ్చేనా, మొత్తమా?"

"మొత్తం సార్."

మచ్చు అనేది మా ఆఫీసు మాట. సార్ వాళ్ల నాన్నగారికి మిర్చి యార్డులో కమీషన్ దుకాణం. అక్కడ బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీసి చూసి, అదే మచ్చు అని బస్తా మొత్తానికి ధర కడతారు. మేమూ అంతే. అంత పొడుగు గుర్తును ఫోన్‌లో చదవలేక మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగు అక్షరాలూ చూసి సరిపెడతాం. అందరం చేస్తాం. సార్ కూడా చేస్తాడు.

మొత్తం అని ఎందుకన్నానో! నోటికొచ్చింది, అనేశాను.

జూలై 21, సోమవారం

నిన్న సాయంత్రం ఆ సెంటర్‌కి ఒక మనిషిని మోసుకొచ్చారట. పామాయిల్ తోటలో గెలలు కోసే మనిషి, పేరు వీరన్న. పాము కరిచింది.

నర్సు సరళ సిస్టర్ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. "మందు నా ఫ్రిజ్‌లనే ఉండె మేడం. డాక్టర్ సార్ తెర మీద చూసి చెప్పందే సూది వెయ్యొద్దని రూలు గద. తెరేమో నల్లగుండె. రోడ్డు మీదికి ఉరికి ఫోన్ చేస్తే, చూడకుండ నేనెట్ల చెప్తనమ్మా, జల్దీ పంపియ్యి అన్నడు."

పొంగిన వాగు దాటి ఆటో రాదు. గోపాలు అక్కడే ఉన్నాడు కనుక అతని బండి మీదే ఎక్కించారు. వీరన్నని మధ్యలో కూర్చోబెట్టి, వెనక అతని తమ్ముడు పట్టుకున్నాడట.

దవాఖానా చేరకముందే పోయాడు.

జూలై 22, మంగళవారం

కాటు పడ్డాక చాలాసేపటికి తెచ్చారని ట్రస్టు డాక్టరు అన్నాడట. సూది వేసినా బతికేవాడో లేదో చెప్పలేమన్నాడట. ఈ మాట చైతన్య సార్ చెప్పాడు, నేను రెండోసారి అడిగి చెప్పించుకున్నాను.

చెప్పలేం అన్నాడు. బతకడు అనలేదు.

జూలై 24, గురువారం

ఇవాళ ట్రస్టు ఆఫీసులో విచారణ జరిగింది. విచారించిన ట్రస్టు డాక్టర్‌గారు పెద్దాయన, కోపిష్టి కాదు. అదే కష్టంగా అనిపించింది.

"ఆ గుర్తు గుర్తు అంటున్నారు, ఏంటమ్మా అది? నాకు అర్థమయ్యేలా చెప్పు."

చెప్పాను. సాఫ్ట్‌వేర్ ఫైలు మొత్తాన్నీ లెక్కగట్టి ఒక పొడుగాటి గుర్తు తీస్తాం, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిపి ఉంటుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా గుర్తు వేరే వస్తుంది. తయారుచేసిన కంపెనీ తన పేజీలో అసలు గుర్తు పెడుతుంది. మన దగ్గరికి చేరిన ఫైలుకీ అదే గుర్తు వస్తేనే ఫైలు క్షేమంగా వచ్చినట్టు, అప్పుడే బూట్ చేయాలి.

"మరి ఇక్కడ ఎవరు చూశారు?"

"కంపెనీ గుర్తు నేను ఇక్కడ్నుంచి చదివాను. అక్కడ ల్యాప్‌టాప్‌లో వచ్చిన గుర్తుతో గోపాలు సరిచూశాడు. అవ్ అన్నాడు. అప్పుడే బూట్ చేయమన్నాను."

గోపాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉంది, ఎవరూ కూర్చోమనలేదు. డాక్టర్‌గారు అతని వైపు తిరిగి, "అవ్ అన్నావా బాబూ?" అని అడిగాడు.

"అన్న సార్."

అంతే. అంతకుమించి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక చైతన్య సార్ అతని ఐడీ కార్డు తీసుకున్నాడు. మెడలోంచి తాడు తీసేటప్పుడు అది చెవికి తట్టుకుంది, గోపాలు తనే విడిపించి ఇచ్చాడు. నాకు నమస్తే పెట్టాడు.

నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 25, శుక్రవారం

అబద్ధం చెప్పలేదు. అవ్ అన్నాడు, నా చెవులతో విన్నాను.

జూలై 29, మంగళవారం

గోపాలు వాడిన ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ నా బల్ల మీదికి వచ్చాయి. ఆ ఫైలుకి గుర్తు తీశాను. కంపెనీ గుర్తు పక్కన పెట్టాను.

మొదటి అక్షరమే వేరు. అక్కడ ఏడు ఉంది, ఇక్కడ సి ఉంది. ఆ తర్వాతా ఎక్కడా పొంతన లేదు. మొత్తం అక్కర్లేదు, మచ్చు చూసినా, ఆ మచ్చులో మొదటిది చూసినా ఆగిపోయేవాడు. అంటే చూడలేదు. చూడకుండానే అవ్ అన్నాడు. తప్పు ఎవరిదో ఇక ఎవరూ వాదించనక్కర్లేదు.

మనసు తేలికపడింది. అన్నం సహించలేదు గాని అది హాస్టల్ వంకాయ కూర వల్ల.

ఆగస్టు 3, ఆదివారం

ఒక్క విషయం రాసి పడుకుంటాను. ఆ సెంటర్ లోపల సిగ్నల్ ఉండదు. రోడ్డు మలుపులో కల్వర్టు మీద నిలబడితేనే ఫోన్ పలుకుతుంది. ల్యాప్‌టాప్ లోపల, స్విచ్ పక్కన ఉంటుంది. ఇది గోపాలుకి తెలుసు, సరళ సిస్టర్‌కి తెలుసు.

ఆగస్టు 4, సోమవారం

నాకూ తెలుసు. ఆ సెంటర్‌కి నేను రెండుసార్లు వెళ్లాను. ఆ కల్వర్టు మీద నిలబడి మా అమ్మతో మాట్లాడాను కూడా.

గోపాలు మామూలుగా సీరియల్ నంబర్లలాంటివి లోపల చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకుని బయటికి వస్తాడు. ఆ రోజు గుర్తు కూడా అలాగే రాసుకుని వచ్చాడనుకున్నాను. అనుకోవడంలో తప్పేముంది?

ఒక్క మాట అడగాల్సింది. అడిగితే మళ్లీ లోపలికి పోయి రావాలి, ఇంకో అరగంట. నేను చిరాగ్గా ఉన్నాను. వెనక లారీ హారన్ వినిపించింది, గాలి హోరు వినిపించింది. మొదటి నాలుగూ చదివాను, అవ్ అన్నాడు. చివరి నాలుగూ చదివాను, అవ్ అన్నాడు. ఎంత వేగంగా అన్నాడంటే, అరచెయ్యి చూసుకునే వ్యవధి కూడా లేదు.

ఇది ఎక్కడా చెప్పలేదు నేను. ఎవరూ అడగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

గోపాలు వాళ్ల తండాకి వెళ్లాను. ఏన్కూరు దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో. చెప్పేద్దామనే వెళ్లాను.

మిర్చి నారుమడికి నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూసి చేతులు లుంగీకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది.

"గింత దూరం మీరెందుకొచ్చిన్రు మేడం? ఫోన్ చేస్తే నేనే వచ్చేటోన్ని గద."

వాళ్లావిడ గోరి మంచం వాల్చి దుప్పటి పరిచింది. టీ పెట్టమని చెప్తుండగా అతనికి ఫోన్ వచ్చింది. పురుగుమందుల దుకాణం సేటు. అటువైపు ఆయన ఏదో పెద్ద పాఠమే చెప్తున్నాడు. గోపాలు "అవ్ సేటు... అవ్... అవవ్..." అంటూనే కాలితో కోడిని తోలాడు, చక్కెర ఎక్కువ వెయ్యమని గోరికి సైగ చేశాడు, నా చెప్పులు ఎండలోంచి నీడలోకి జరిపాడు. ఫోన్ పెట్టేశాక గోరి అడిగింది.

"ఏమన్నడు?"

"ఏమో, సగం సమజ్ గాలే. రేపు దుకాణం కాడికి పోయి అడుగుత."

"మరి గంతసేపు అవ్ అవ్ అన్నవ్?"

"ఇంటున్న అని చెప్పొద్దా ఆయనకు?"

గోరి నవ్వింది. నా చేతిలో గ్లాసు కాలుతోంది, కింద పెట్టాలని తోచలేదు.

మా ఇంట్లో వినేటప్పుడు ఊఁ కొడతాం. అవును అంటే అవుననే. మా తాతలు బందరు వైపు నుంచి వచ్చి అశ్వారావుపేటలో భూములు కొన్నప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాం, నేను పుట్టిందీ ఇక్కడే, అయినా అవ్ అంటే అవునే అనుకుంటూ ఇన్నాళ్లు బతికాను. ఆ రోజు నేను చదువుతుంటే అతను వింటున్నానని చెప్పాడు. కల్వర్టు మీద, గాలిలో, చిరాకుపడుతున్న మేడంకి, వినపడుతోంది మేడం అని చెప్పాడు. రావాల్సిన గుర్తేదో నేను చెప్తున్నాననుకున్నాడు. పట్నంలోని సెంటర్లలో ఇక్కడ కూర్చునే నేను వాళ్ల తెర చూస్తాను కదా, ఇదీ అలాగే చూసే ఉంటాననుకున్నాడు. బూట్ చెయ్ అన్నాను, చేశాడు.

"వీరన్న ఇంటికి పోయిన్రా మేడం?" అని అడిగాడు గోపాలు.

"లేదు."

"నేను పోయిన, పెద్దకర్మ నాడు. లోపలికి పోబుద్ధి గాలే. ఎడమొకం పెట్టుకొని బయట నిలబడి వచ్చిన."

"గోపాలూ, ఆ రోజు నువ్వు ఫోన్‌లో..."

"నాదే తప్పు మేడం. అవ్ అన్న. మంచిగ యాదికుంది నాకు. మీరేం పరేషాన్ గాకున్రి."

ఇంటినిండా చుట్టాలున్నారు. అందరి ముందూ ఎలా చెప్తాం? ఇంకోసారి చెప్పొచ్చని వచ్చేశాను.

ఆగస్టు 11, సోమవారం

నిన్న రాసింది చదివాను. చుట్టాలెవరూ లేరు. గోపాలు, గోరి, నేను. గోరి కూడా మధ్యలో లేచి బావి దగ్గరికి పోయింది.

నాదే తప్పు అని అతను అనగానే నాకు సంతోషం కలిగింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినంత సంతోషం. రాసుకోకపోతే రేపు ఇది కూడా మార్చేస్తాను.

ఆగస్టు 14, గురువారం

చైతన్య సార్‌కి చెప్పాను. తలుపు వేసి కూర్చోమన్నాడు. కల్వర్టు సంగతి, అవ్ సంగతి అంతా చెప్పాను. ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ విన్నాడు.

"రిపోర్టు వెళ్లిపోయింది లిఖితా. వాళ్లూ మూసేశారు. ఇప్పుడు తెరిస్తే నీ ఉద్యోగం పోతుంది, నా కాంట్రాక్టూ పోతుంది. వీరన్న లేచొస్తాడా?"

"గోపాలు..."

"వాడికి చేను ఉంది, ఏదో చేసుకుంటాడు. అసలు వాడే ఒప్పుకున్నాడు కదమ్మా, మధ్యలో నీ బాధేంటి? నువ్వేమైనా తెలిసి చేశావా?"

"రోడ్డు మీద ఉన్నాడని తెలుసు సార్. లోపలి తెర కనపడదని తెలుసు."

పేపర్‌వెయిట్ ఆగింది. "ఆ ముక్క ఇంకెక్కడా అనకు" అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి తలుపు కూడా తనే తీశాడు.

నా వంతు నేను చెప్పాను. పైవాళ్లు వద్దన్నారు. ఇంకేం చేయగలను?

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. రోజంతా పడుకున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

కొత్త పద్ధతి వచ్చింది. ఇకమీదట తెర ముందున్న మనిషే గుర్తును రాసుకుని వచ్చి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కో అక్షరం పైకి చదవాలి. ఇక్కడున్న మనిషి విని కంపెనీ గుర్తుతో పోల్చాలి. మచ్చు చూడటం బంద్. అవ్, ఆఁ, ఊఁ లాంటివి జవాబుగా ఒప్పుకోరు. మంచి పద్ధతి. రాసింది నేనే. సార్ మెచ్చుకున్నాడు.

ఆఫీసులో దానికి గోపాలు రూల్ అని పేరు పెట్టారు. గోపాలు స్థానంలో గణేష్ అని కొత్తతను చేరాడు. ఇవాళ నేనేదో చెప్తుంటే "అవ్ మేడం" అన్నాడు. పక్కన ఒకడు "అవ్ అనకురా, గోపాలు అయితవ్" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

ఆగస్టు 20, బుధవారం

నవ్వాను.

ఆగస్టు 21, గురువారం

నెలవారీ మీటింగ్. ఆరు సెంటర్ల నర్సులూ, డాక్టర్‌గారూ తెర మీద ఉన్నారు. చైతన్య సార్ కొత్త పద్ధతి గురించి గొప్పగా చెప్తూ మాట జారి గోపాలు రూల్ అన్నాడు. డాక్టర్‌గారికి అర్థం కాలేదు. "గోపాలు రూల్ అంటే?" అని అడిగాడు.

సార్ నవ్వి ఏదో చెప్పబోయాడు. అంతకంటే ముందే నా మైకు ఆన్ చేశాను. పెద్ద ధైర్యమేమీ కాదు. మొన్నటి నుంచీ ఆ నవ్వే చెవిలో తిరుగుతోంది, ఇంకోసారి వినదల్చుకోలేదు.

"గోపాలు చేసిన తప్పుకి పెట్టిన పేరు సార్ అది. ఆ తప్పు గోపాలుది కాదు, నాది. అతను రోడ్డు మీద ఉన్నాడని, గుర్తు చూడటం లేదని నాకు తెలుసు. వింటున్నానని అవ్ అన్నాడు. నేను దాన్ని సరిపోయింది అని రాసుకున్నాను, తొందరలో. విచారణలో మీకు ఇది చెప్పలేదు."

సరళ సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టర్‌గారు కళ్లజోడు తీసి, "మీటింగ్ అయ్యాక నువ్వు లైన్లో ఉండమ్మా" అన్నాడు.

ఉన్నాను. అన్నీ మళ్లీ చెప్పాను, ఆయన రాసుకున్నాడు.

ఆగస్టు 22, శుక్రవారం

నా లాగిన్ పనిచేయలేదు. హాస్టల్ గది ఖాళీ చేయనక్కర్లేదు, కిరాయి కట్టేది నేనే. అమ్మకి ఇంకా చెప్పలేదు.

గోపాలుని తిరిగి తీసుకోమని ట్రస్టు నుంచి చెప్పారట. గణేష్ మెసేజ్ పెట్టాడు. నిద్ర పట్టేలా ఉంది ఇవాళ. మంచిపని చేసినట్టే అనిపిస్తోంది.

ఆగస్టు 23, శనివారం

పొద్దున్నే గోపాలు ఫోన్ చేశాడు. ఆ పేరు తెర మీద చూడగానే నాకు నిజంగా ఆనందమైంది. థాంక్స్ చెప్తాడనుకున్నాను. వద్దులే గోపాలూ అని ఎలా అనాలో కూడా తయారు చేసుకున్నాను.

"మేడం, సరళ సిస్టర్ చెప్పింది. నిజమేనా?"

"నిజమే."

"నేను కల్వర్టు మీదున్ననని మీకు అప్పుడే ఎరుకనా?"

"తెలుసు."



"వీరన్న తల నా వీపుకు ఆనుకొని ఉండె మేడం. వాగు దాటేదాక ఏందో గొణుగుతుండె. దాటినంక బరువైంది. నాకు సమజైంది, అయినా బండి ఆపలే. ఆపితే వాళ్ల తమ్మునికి చెప్పాలె గద. గప్పటిసంది నేనే చంపిన, నేనే చంపిన అనుకుంట తిరుగుతున్న. నా బిడ్డను వీపు మీద ఎక్కించుకోవుడు బంద్ చేసిన. మిరపకు తెచ్చిన మందు డబ్బ దిక్కు చూసుకుంట కూసుంటే, గోరి దాన్ని తీస్కపోయి ఎవరింట్లనో దాచిపెట్టింది. నౌకరీ పోతే పోనియ్యి. గన్ని దినాలు నన్ను గట్ల ఎందుకు ఉంచిన్రు మేడం? మీరు మా ఇంటికొచ్చిన్రు. మంచం మీద కూసున్నరు. చాయ్ తాగిన్రు."

భయమేసింది అనొచ్చు. ఉద్యోగం అనొచ్చు. రెండూ నిజమే. క్షమించు గోపాలూ అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ అన్నాను.

లైను తెగలేదు. వెనక గోరి ఏదో అడుగుతోంది, పాప ఏడుస్తోంది. అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. అతను మాత్రం అవ్ అని కూడా అనలేదు.